ముగ్ధభక్తి, మూఢభక్తి: విశ్వాసానికి సిద్ధాంతజ్ఞానం అవసరమా?

భక్తి లేని పూజ పత్రి చేటు అన్నది తెలుగునాట ప్రసిద్ధమైన లోకోక్తి. జ్ఞానం లేని పూజ పత్రి చేటు అని లోకం ఎన్నడూ అనలేదు. పండితులు మాత్రం ఆ మాటను పలుమార్లు అన్నారు. లోకానికీ పండితునికీ మధ్యనున్న ఈ భేదం చిన్నది కాదు. ఒక గృహస్థు సత్యనారాయణవ్రతం చేయ పూనుకొని పీటపై కూర్చుంటాడు. పురోహితుడు చెప్పించే సంకల్పంలో అతనికి తెలిసే మాటలు తన గోత్రం, తన పేరు, భార్యాబిడ్డల పేర్లు మాత్రమే. తాను ఏమని సంకల్పించినాడో అతనికి తెలియదు. విశిష్టాద్వైతమో, అద్వైతమో, తాను ఏ మతానికి చెందినవాడో చెప్పుమంటే చెప్పలేడు. అయినా చేతులు జోడించిన వేళ అతని కన్నులు చెమరుస్తాయి. ఇతని విశ్వాసం నిజమైనదేనా? తాను నమ్మినదేమిటో వివరించలేనివానిని నమ్మినవాడని అనవచ్చునా?

ప్రశ్న పాతదే. అయితే దీనికి చెప్పే సమాధానాన్నిబట్టి రెండు విషయాలు తేలవలసి ఉన్నవి. మొదటిది, అక్షరజ్ఞానం లేని అసంఖ్యాక భక్తజనం పట్ల విద్యావంతుడు వహించదగిన వైఖరి. రెండవది, శాస్త్రాధ్యయనం వల్ల సమాజానికి కలిగే ప్రయోజనం. జ్ఞానం లేనిదే విశ్వాసం లేదంటే కోట్ల జనుల భక్తి వ్యర్థమవుతుంది. విశ్వాసానికి జ్ఞానంతో పని లేదంటే భాష్యాలు, వ్యాఖ్యానాలు, వాటిని బోధించే విద్యాలయాలు వ్యర్థమవుతాయి. ఈ రెండు నిర్ణయాలలో ఏదీ ఆమోదయోగ్యం కాదు. కావున విషయాన్ని సావధానంగా విచారించడం అవసరం.

జ్ఞానం అవసరమన్న పక్షం

జ్ఞానపక్షానికి ప్రాచీనమైన ఆధారాలు గలవు. వేదమంత్రాలకు అర్థం లేదని వాదించిన కౌత్సుని మతాన్ని యాస్కుడు నిరుక్తంలోనే ప్రస్తావించి ఖండించినాడు. మంత్రాలలోని పదాలు లోకంలోని పదాలే, లోకంలో వాటికి అర్థమున్నప్పుడు మంత్రంలో లేకపోవడానికి కారణం లేదని ఆయన వాదం. అర్థమెరుగక వేదాన్ని వల్లించేవానిని బరువు మోసే మొద్దుతో పోల్చిన సంప్రదాయవాక్యాన్ని కూడా నిరుక్తం ఉదాహరించింది. క్రీస్తుశకం 14వ శతాబ్దంలో విజయనగరప్రభువుల ఆశ్రయంలో వేదభాష్యాలు రచించిన సాయణాచార్యులు ఋగ్వేదభాష్యభూమికలో ఈ చర్చనే విస్తరించినాడు. అర్థజ్ఞానం అనావశ్యకమైతే అంతటి భాష్యరాశికి ప్రయోజనమే ఉండదు.

మీమాంసకుల మార్గం మరింత కఠినం. వారి దృష్టిలో కర్మాధికారికి ఫలాపేక్ష, సామర్థ్యం చాలవు, విద్వత్త కూడా కావాలి. అనుష్ఠానకాలంలో మంత్రం చేసే పని అనుష్ఠేయమైన అర్థాన్ని స్మరింపజేయడం. అర్థమే తెలియనివానికి స్మరణ ఎక్కడిది? గీత పదునేడవ అధ్యాయానికి వ్యాఖ్య రచిస్తూ రామానుజాచార్యులు శాస్త్రవిహితం కాని కర్మ ఆసురమనీ, దానికి ఫలం లేదనీ, సాత్త్వికాది విభాగం శాస్త్రవిహితమైన దానికే చెల్లుతుందనీ నిర్ణయించినారు. శ్రద్ధ ఎంత గాఢమైనదైనా దారి తప్పినప్పుడు అది గమ్యం చేర్చదని దీని భావం.

ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతం కూడా పైకి ఈ పక్షాన్నే సమర్థిస్తున్నట్లు తోస్తుంది. వడగండ్లవాన వల్ల కురుదేశంలో పైరు నశించినప్పుడు, మావటివాడు తినగా మిగిలిన మినుములతో ప్రాణం నిలుపుకొన్న ఆ ఋషి, రాజు చేసే యజ్ఞానికి వెళ్తాడు. అక్కడ సామగానం చేసే ఋత్విజులతో, మీరు స్తుతిస్తున్న దేవత ఎవరో తెలియకుండానే గానం చేసినట్లయితే మీ శిరస్సులు రాలిపడగలవని హెచ్చరిస్తాడు. వారు భయపడి గానం ఆపివేస్తారు. అజ్ఞానంతో చేసే స్తుతి నిష్ఫలమే కాక ప్రమాదకరమని కూడా ఈ కథ చెప్పుతున్నట్లున్నది.

జ్ఞానం అనవసరమన్న పక్షం

దీనికి ప్రతిగా భక్తివాఙ్మయం మరొక లోకాన్ని చూపింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో ముగ్ధభక్తుల కథలది ప్రత్యేకస్థానం. గొడగూచి చిన్నపిల్ల. శివునికి పాలు ఆరగింపు చేయుమని తండ్రి ఆజ్ఞాపించి ఊరికి వెళ్తే, విగ్రహం పాలు త్రాగకపోవడం తన దోషమే అని కుమిలిపోతుంది. నైవేద్యమన్నది ఉపచారమాత్రమనే సంగతి ఆమెకు తెలియదు. బెజ్జమహాదేవి శివునికి తల్లి లేదని జాలిపడి తానే తల్లియై సాకుతుంది. శివుడు అజుడు, అనాది అన్న సిద్ధాంతం ఆమె మనస్సులో చోటు చేసుకొని ఉంటే ఆ వాత్సల్యమే పుట్టేది కాదు. రుద్రపశుపతి పురాణశ్రవణంలో హాలాహలభక్షణఘట్టం విని, తన స్వామి ఏమవుతాడోనని తల్లడిల్లి, శివుడు విషం ఉమిసేదాక నీటి నుండి వెలికి రానని పట్టుపడతాడు. శివుడే ప్రత్యక్షమై అతనికి ధైర్యం చెప్పవలసి వచ్చింది.

ఈ మువ్వురి విశ్వాసమూ సిద్ధాంతదృష్ట్యా పొరపాటే. శైవసిద్ధాంతాన్ని ప్రశ్నపత్రంగా ఇస్తే మువ్వురూ ఉత్తీర్ణులు కారు. అయినా వారి భక్తి అనన్యమైనదని సోమనాథుడు కీర్తించినాడు. ఈయన శాస్త్రం ఎరుగని కవి కాదు. పండితారాధ్యచరిత్రను, చతుర్వేదసారాన్ని రచించినవాడు. శ్రుతిస్మృతిప్రమాణాలతో వీరశైవాన్ని ప్రతిష్ఠించిన సోమనాథభాష్యం ఆయన పేర నిలిచి ఉన్నది. ప్రమాణగ్రంథాలు తెలిసినవాడే ప్రమాణమెరుగని భక్తులకు పట్టం కట్టడం గమనింపదగిన విషయం.

శేక్కిళారు 12వ శతాబ్దంలో పెరియపురాణంలో తమిళంలో చెప్పిన కన్నప్పకథను, 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యంలో తిన్ననికథగా తెలుగువారికి అందించినాడు. తిన్నడు పుక్కిటి నీటితో అభిషేకించి, తాను రుచి చూచిన మాంసాన్ని నివేదించినాడు. ఆగమవిధి ఎరిగిన అర్చకునికి అది మహాపచారంగా కనిపించింది. చివరకు మరుగున నిలిచి, తన కన్ను పెరికి దేవునికి అర్పించిన ఎరుకవానిని చూచిన తరువాత గాని అర్చకునికి భక్తి అన్నది తెలిసి రాలేదు. భాగవతం షష్ఠస్కంధంలోని అజామిళోపాఖ్యానం ఇంకొక అడుగు ముందుకు వేసింది. కొడుకును పిలుస్తూ పలికిన నామమే అజామిళుని కాపాడింది. తెలియక తాకినా నిప్పు కాల్చుతుంది, గుణమెరుగక సేవించినా మందు పనిచేస్తుంది అన్న దృష్టాంతాలతో విష్ణుదూతలు ఆ ఫలాన్ని సమర్థించినారు.

రెండు పక్షాలలోని లోపం

ఈ రెండవ పక్షం మనోహరమైనదే గాని నిర్దుష్టం కాదు. మొదటగా అజామిళుని దృష్టాంతం ప్రకృతవిషయానికి అన్వయించదు. అక్కడ నిరూపితమైనది నామశక్తి, విశ్వాసస్వరూపం కాదు. నిప్పుకు కాల్చే గుణం వస్తుసిద్ధం. విశ్వాసం వస్తువులోని శక్తి కాదు, పురుషుని అంతఃకరణధర్మం. దానికి విషయం ఒకటి ఉండి తీరాలి. దేనిని నమ్ముతున్నాడో లేశమాత్రమైనా తెలియనివాడు నమ్మినాడని అనడం మాటలకు అర్థం లేకుండా చేయడమే.

రెండవ లోపం ఇంకా తీవ్రమైనది. దానిని కూడ శ్రీకాళహస్తికథయే చూపుతున్నది. సర్పం మణులతో శివుని పూజించింది. ఏనుగు వచ్చి ఆ మణులను తొలగించి పత్రపుష్పాలతో పూజించింది. పాము తిరిగి వచ్చి పత్రిని తొలగించింది. రెండింటి భక్తిలోనూ కల్మషం లేదు. కాని ఒకదాని పూజ మరొకదానికి అపచారమైంది. చివరకు పాము ఏనుగు తొండంలో ప్రవేశించింది, ఏనుగు తొండాన్ని రాతికి బాదుకొన్నది, రెండూ మరణించినవి. శివుడు రెండింటికీ సాయుజ్యమిచ్చినాడని పురాణం. పురాణంలో శివుడున్నాడు గనుక కథ మంగళాంతమైంది. లోకవ్యవహారంలో అట్టి పరిష్కర్త వెంటనే ప్రత్యక్షం కాడు. ఇద్దరు నిష్కపటులైన భక్తులు ఒకరి ఆరాధన నొకరు అపచారంగా భావించినప్పుడు, వారి నిష్కాపట్యమే కలహానికి ఆజ్యమవుతుంది. దేవుడు ఒక్కడే, ఆరాధనావిధానాలు అధికారిభేదాన్ని బట్టి పెక్కు అన్న చిన్న సిద్ధాంతం ఆ రెండింటిలో ఏ ఒక్కదానికి తెలిసినా ఆ మరణం తప్పేది. సిద్ధాంతజ్ఞానం భక్తిని పుట్టించకపోవచ్చును, కాని భక్తి పరహింసగా పరిణమించకుండా కాపాడేది అదే.

భగవద్గీత కూడ శ్రద్ధను ఏకరాశిగా చూడలేదు. శాస్త్రవిధిని విడిచి శ్రద్ధతో పూజించేవారి నిష్ఠ ఎట్టిదని పదునేడవ అధ్యాయారంభంలో అర్జునుడు అడిగిన ప్రశ్న ఈ వ్యాసవిషయమే. శ్రద్ధ సాత్త్వికి, రాజసి, తామసి అని త్రివిధమన్నది భగవానుని సమాధానం. శరీరాన్నీ, అందులోని అంతర్యామినీ పీడించే ఘోరతపస్సులు చేసేవారి నిశ్చయం ఆసురమని కూడ అక్కడనే చెప్పినాడు. అనగా నిష్కపటమైనంతమాత్రాన శ్రద్ధ శ్లాఘ్యం కాదు. తామసశ్రద్ధ కూడ శ్రద్ధయే.

అయితే జ్ఞానపక్షంలో లోపం లేదా? ఉన్నది. యాస్కసాయణుల వాదం వేదాధ్యయనం చేసేవానిని ఉద్దేశించినది. మీమాంసకుని విద్వత్త త్రేతాగ్నులతో క్రతువు చేసేవానికి విధించినది. ఈ నియమాలను సామాన్యభక్తునికి అన్వయించడం అధికరణాన్ని దాటి వాక్యాన్ని లాగడమే. పైగా సిద్ధాంతజ్ఞానం విశ్వాసానికి హేతువైతే, దర్శనగ్రంథాలు చదివినవారందరూ భక్తులు కావలసి ఉన్నది. ద్వైతాద్వైతవిశిష్టాద్వైతాలను మూడింటినీ సమానపాటవంతో బోధించగల అధ్యాపకుడు మూడింటినీ విశ్వసిస్తున్నాడని ఎవరూ అనరు. తెలియడం వేరు, నమ్మడం వేరు. నారదభక్తిసూత్రాలు ఈ విషయాన్నే రాజగృహం, భోజనం అన్న దృష్టాంతాలతో స్పష్టపరచినవి. రాజభవనాన్ని గూర్చి తెలిసినంతమాత్రాన రాజు సంతోషించడు, భోజనాన్ని గూర్చి తెలిసినంతమాత్రాన ఆకలి తీరదు.

నిర్ణయం

కావున ప్రశ్నను విభజించి చూడవలసి ఉన్నది. జ్ఞానం అవసరమా అని కాక, ఎవరికి, ఎంత, దేనికొరకు అవసరమని అడగాలి.

విశ్వాసం ఉండడానికి కావలసిన జ్ఞానం అత్యల్పం. గోపికల భక్తిని ఉత్తమోదాహరణంగా చూపిన నారదుడే, వారికి శ్రీకృష్ణుని మాహాత్మ్యజ్ఞానం లేదని అనరాదని, అది లేని ప్రేమ జారప్రేమ వంటిదని వెంటనే హెచ్చరించినాడు. ఈ మాహాత్మ్యజ్ఞానం సిద్ధాంతజ్ఞానం కాదు. తాను చేతులు జోడించినది తనకంటె గొప్పదానికి అన్న ఎరుక మాత్రమే. గొడగూచికి ఇది ఉన్నది, తిన్ననికి ఉన్నది, వ్రతం పీటపై కూర్చున్న గృహస్థుకూ ఉన్నది. బెజ్జమహాదేవికి ఉన్నదా అని శంకింపవచ్చును. శివుని బిడ్డగా భావించినా ఆమె ఆ బిడ్డకొరకు తన సర్వస్వాన్నీ విడిచింది. తల్లితనమే ఆమె చేసిన సమర్పణ. కావున ఆమెయందును మాహాత్మ్యబుద్ధి లోపించలేదు.

అటువంటి విశ్వాసం ఫలవంతమేనా అన్న శంకకు ఛాందోగ్యమే సమాధానమిచ్చింది. ప్రథమాధ్యాయారంభంలో, తెలిసినవాడు, తెలియనివాడు ఇద్దరూ ఓంకారంతో కర్మ చేస్తారు, విద్యతో, శ్రద్ధతో, ఉపనిషత్తుతో చేసినది వీర్యవత్తరమవుతుందని శ్రుతి చెప్పింది. ఇక్కడి తరప్ప్రత్యయం ప్రాణభూతమైనది. తెలిసి చేసినది అధికతరవీర్యం కలదంటే, తెలియక చేసినదానికి కూడ వీర్యమున్నదనియే అభిప్రాయమని శంకరభాష్యం. ఉషస్తి హెచ్చరికను కూడ శంకరులు ఈ దృష్టితోనే వ్యాఖ్యానించినారు. తెలియనివారికి కర్మలో అధికారమే లేదనడం ఇష్టం కాదు, అట్టివారు కర్మ చేయడం లోకంలో కనిపిస్తూనే ఉన్నది, దక్షిణమార్గశ్రుతి కూడ వారి ఫలాన్ని చెప్పుతున్నది. తెలిసినవాడు ఎదుట ఉండగా అతని అనుమతి లేక చేసినప్పుడే ఆ శిరఃపాతభయమని వారి నిర్ణయం. పూర్వపక్షం ఆశ్రయించిన కథయే ఈ విధంగా సిద్ధాంతపక్షానికి సాక్ష్యమైంది.

గీతాభాష్యంలో శంకరులు చూపిన మరొక భేదం ఈ చర్చకు తాళపుచెవి వంటిది. శాస్త్రవిధిని విడిచి శ్రద్ధతో పూజించేవారు ఎవరు? శాస్త్రవిధి ఎరుగక, పెద్దల నడవడిని చూచి శ్రద్ధతో పూజించేవారే ఇక్కడ ఉద్దిష్టులు. విధి తెలిసి ఉండి, దానిని లక్ష్యపెట్టక యథేచ్ఛగా పూజించేవారు కారు. శ్రద్ధతో కూడినవారన్న విశేషణమే అందుకు హేతువు, తెలిసి ధిక్కరించేవానికి శ్రద్ధ ఉన్నదనడం పొసగదు. ఎరుగకపోవడం, ఎరుగనొల్లకపోవడం వేర్వేరు. మొదటిది శ్రద్ధతో కలిసి ఉండగలదు. రెండవది ఉండలేదు.

తెలుగుభాష ఈ భేదాన్ని రెండు మాటలలో భద్రపరచుకొన్నది. ఒకరి భక్తిని ముగ్ధభక్తి అంటే ప్రశంస. మూఢభక్తి అంటే నింద. రెండు పదాలకూ ధాతువు ఒక్కటే. ముహ్ ధాతువుపై క్తప్రత్యయం చేరినప్పుడు హకారానికి ఘకారాదేశం వికల్పమని అష్టాధ్యాయి అష్టమాధ్యాయం ద్వితీయపాదంలో విధించబడినది. ఘకారం వచ్చిన పక్షంలో ముగ్ధ, రాని పక్షంలో ఢత్వాదులచే మూఢ. వ్యాకరణదృష్ట్యా రెండింటికీ తెలియమియే అర్థం. వ్యవహారం మాత్రం ఒకదానిని ప్రేమించింది, మరొకదానిని త్రోసిపుచ్చింది. ముగ్ధుడు తెలియనివాడు, చెప్పితే వినేవాడు. మూఢుడు తెలియమిని పట్టుకొని వ్రేలాడేవాడు. అజ్ఞానం పరిమాణంలో ఇద్దరికీ సమానమే కావచ్చును. భేదమున్నది ఎరుకకు తలుపు తెరచి ఉంచడంలో, మూసుకొనడంలో.

నచికేతుని వృత్తాంతం దీనికి ఉత్తమనిదర్శనం. తండ్రి ముసలియావులను దానమిస్తుండగా చూచిన బాలునిలో శ్రద్ధ ప్రవేశించిందని కఠోపనిషత్తు చెప్పింది. ప్రవేశించిన శ్రద్ధ అతనిని మౌనంగా ఉండనీయలేదు, ప్రశ్న వేయించింది, మృత్యువు వాకిటిదాక నడిపించింది. నిజమైన శ్రద్ధకు జ్ఞానం పూర్వాంగం కాకపోయినా, జిజ్ఞాస స్వాభావికఫలం. శ్రద్ధ కలవాడు జ్ఞానాన్ని పొందుతాడన్న గీతాక్రమం కూడ ఇదే. శ్రద్ధ ముందు, జ్ఞానం తరువాత.

జ్ఞానబాధ్యత ఎవరిది?

సామాన్యభక్తుని విశ్వాసం సత్యమని అంగీకరించిన తరువాత, సిద్ధాంతజ్ఞానభారం ఎవరు వహించాలన్న ప్రశ్న మిగిలి ఉన్నది. దీనికి శ్రీవైష్ణవసంప్రదాయం చక్కని వ్యవస్థ చేసింది. వేదాంతదేశికులు శరణాగతిలో స్వనిష్ఠ, ఉక్తినిష్ఠ, ఆచార్యనిష్ఠ మొదలైన భేదాలను నిరూపించినారు. శాస్త్రార్థమంతా విశదంగా తెలిసినవాడు స్వయంగా శరణాగతి చేస్తాడు. అంత విశదజ్ఞానం లేనివాడు ఆచార్యుడు చెప్పించిన వాక్యాన్ని పలుకుతాడు. అది కూడ చేయలేనివానికొరకు ఆచార్యుడే చేస్తాడు. ఫలంలో తారతమ్యం లేదు. కాని ఈ వ్యవస్థ అంతా ఒక ఆధారంపై నిలిచి ఉన్నది. ఎక్కడో ఒకచోట తెలిసిన ఆచార్యుడు ఉండాలి. శిష్యుని తెలియమికి ఆచార్యుని ఎరుక పూచీ. రామానుజుల కఠినవాక్యానికీ ఆయన సంప్రదాయపు కారుణ్యానికీ గల సమన్వయం కూడ ఇదే. అజ్ఞుని కర్మ శాస్త్రబాహ్యం కాకుండా ఆచార్యసంబంధమే నిలుపుతుంది. స్వయంగా వివేకం లేక, పరుల ఉపదేశం విని ఉపాసించేవారు కూడ మృత్యువును దాటుతారని గీత పదమూడవ అధ్యాయం చెప్పినప్పుడు, వినిపించేవాడొకడు ఉన్నాడన్నది అందులో ఇమిడి ఉన్నది.

కనుక జ్ఞానం విశ్వాసానికి ప్రవేశశుల్కం కాదు. అది విశ్వాససమాజం తీర్చవలసిన ఋణం. ఆ ఋణం అందరిపైనా సమానంగా లేదు. తనకొరకు మాత్రమే మ్రొక్కేవానిపై స్వల్పం. ఇతరులచేత మ్రొక్కించే పురోహితార్చకులపై అధికం. ఇతరులకు ధర్మం చెప్పే ప్రవచనకర్తపై అంతకంటె అధికం. ఇతరుల ఆరాధనను అపచారమని నిందించ పూనుకొన్నవానిపై అన్నింటికంటె అధికం. నింద చేయదలచినవానికి తన మతమే కాక నిందితుని మతం కూడ తెలిసి ఉండాలి. పూర్వపక్షాన్ని దాని అనుయాయులు ఒప్పుకొనే రీతిలో ప్రతిపాదించిన తరువాతనే ఖండనకు పూనుకొనడం శాస్త్రమర్యాద. నేడు ఈ క్రమం తలక్రిందులైనట్లు కనిపిస్తున్నది. గుడిమెట్టుపై కొబ్బరికాయ కొట్టే ముసలమ్మను ఆమె దేవునిగూర్చి ప్రశ్నించి చులకన చేసేవారు ఉన్నారు. వేదిక లెక్కి మతంపేర పరులను దూషించేవారిని, ఏ గ్రంథం చదివి మాట్లాడుతున్నారని అడిగేవారు అరుదు. ముగ్ధులకు పరీక్ష, మూఢులకు మినహాయింపు అన్నట్లున్నది పరిస్థితి.

వైదికస్వాధ్యాయవిషయంలో కూడ ఈ వివేకమే కావాలి. భారతీయవేదపఠనసంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి మౌఖికవారసత్వపు మహత్తరనిధిగా ప్రకటించింది, 2008లో ప్రాతినిధ్యజాబితాలో చేర్చింది. ఆ గౌరవం లభించినది ప్రధానంగా స్వరవర్ణాలు చెడకుండా తరతరాలుగా కాపాడిన కంఠాలకు. వారిలో పలువురికి అర్థవిచారం తెలియకపోవచ్చును. అంతమాత్రాన వారిని బరువు మోసే మొద్దులని పరిహసించడం కృతఘ్నత. ఆ మొద్దు మోయకపోతే సాయణునికి వ్యాఖ్యానించడానికి వేదమే దక్కేది కాదు. అయితే మోసే కంఠాలు చాలు, అర్థంతో పనిలేదనడం కూడ ఆ సంప్రదాయాన్ని సగానికి నరకడమే. అక్షరరాశిగ్రహణం ఒకరి వ్రతం, అర్థవిచారం మరొకరి వ్రతం. ఇద్దరూ ఒకే ఊరిలో, ఒకరికొకరు అందుబాటులో ఉండడం సంప్రదాయలక్షణం.

ప్రాచ్యవిద్యాలయాల ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతున్నది. పట్టాలకు ఉద్యోగం దొరకునా అన్న కొలతతోనే వీటిని కొలవడం పరిపాటి అయినది. ఆ కొలత అక్కరలేదని కాదు, అది చాలదు. భాష్యం చదివి అర్థం చెప్పగలవారు పది ఊళ్లకు ఒక్కరైనా లేనినాడు, సామాన్యుని విశ్వాసం నశించదు. అది అట్లే ఉంటుంది. కాని దానికి పూచీ ఉండదు. ముగ్ధునికి సందేహం కలిగినప్పుడు సమాధానం చెప్పేవాడు లేకపోతే, బిగ్గరగా అరచేవాడే ఆచార్యుడవుతాడు. ముగ్ధభక్తి మూఢభక్తిగా మారే మార్గం అదే. ఆ మార్పుకు భక్తుని కంటె, అందుబాటులో లేని విద్వాంసుడే ఎక్కువ బాధ్యుడు.

విద్వాంసుని కర్తవ్యం ఎట్టిదో ఉషస్తికథాశేషంలో ఉన్నది. రాజు అతనిని గుర్తించి ఋత్విక్కార్యమంతా స్వీకరించమన్నప్పుడు, ఉషస్తి పాతవారిని తొలగింపమనలేదు. నా అనుమతితో వీరే స్తుతించవచ్చునని, వారికి ఇచ్చినంత ధనమే తనకూ ఇవ్వవలెనని మాత్రమే అన్నాడు. తరువాత ఆ ఋత్విజులు ఒక్కొక్కరే వచ్చి అడుగగా, ప్రాణం, ఆదిత్యుడు, అన్నం అని వారు స్తుతించే దేవతలను వారికి తెలియజెప్పినాడు. తెలియనివారి నోట గానం ఆగలేదు. వారి తెలియమి కూడ అట్లే మిగిలిపోలేదు. విశ్వాసానికి సిద్ధాంతజ్ఞానం అవసరమా అన్న ప్రశ్నకు శ్రుతి చూపిన ఆచరణ ఇది. భక్తుడు తాను ఎరిగినంతలో మ్రొక్కవచ్చును. ఎరిగినవాడు మాత్రం అడిగినవానికి చెప్పక తప్పదు.